క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించే ముందు

చి. మాధవికి,

తాతయ్య హరికథల క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తానన్నావు, సంతోషం. ఆ పనిలో ముప్పాతిక వంతు డెక్ దగ్గరే, అంటే క్యాసెట్ ప్లేయర్ దగ్గరే ఉంటుందమ్మా. టేపు మీంచి సరిగా రాని శబ్దాన్ని ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు.

ముందు క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట చూడు. అంచున తెల్లటి బూజు ఉంటే డెక్‌లో పెట్టకు, మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది. బాగున్నవాటిని వినేముందు ఒకసారి చివరిదాకా ముందుకీ వెనక్కీ తిప్పు, చుట్ట సర్దుకుంటుంది. డెక్‌లో టేపుని చదివే హెడ్‌ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూదిపుల్లకి మురికి అంటనంతవరకూ తుడువు. రబ్బరు రోలర్‌కి మాత్రం ఆల్కహాల్ వద్దు, కాస్త సబ్బునీళ్లు చాలు.

తర్వాత అజిముత్, అంటే టేపుకి ఎదురుగా హెడ్ వాలు. దాన్ని సరిచేసేది హెడ్ పక్కనుండే చిన్న స్క్రూ. రికార్డు చేసిన మెషిన్ హెడ్ వాలుకీ నీ డెక్ హెడ్ వాలుకీ తేడా ఉంటే పైస్థాయి శబ్దాలు చచ్చిపోతాయి. రెండు ఛానళ్లూ కలిపి మోనోలో వింటూ ఆ స్క్రూ నెమ్మదిగా తిప్పు, చిడతల మోత ఎక్కడ బాగా పదునుగా వినిపిస్తే అక్కడ ఆపు. పావు చుట్టు మించి తిప్పాల్సిన అవసరం రాదు. క్యాసెట్ మారినప్పుడల్లా మళ్లీ చూసుకోవాలి. విసుగే, కానీ ఇంత ఫలితం మరే పనికీ రాదు. డాల్బీతో (టేపు రొద తగ్గించే పద్ధతి) రికార్డు చేసినట్టు తెలిస్తే తప్ప ఆ స్విచ్ వెయ్యకు.

డెక్ లైన్ ఔట్ నుంచి తీగను యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌కి అందించే చిన్న పెట్టె) లైన్ ఇన్‌కి ఇవ్వు. ల్యాప్‌టాప్ మైక్ రంధ్రం చాలావాటిలో మోనో, పైగా లైన్ సిగ్నల్‌ని తట్టుకోలేక గరగరలాడుతుంది. బుయ్‌మని హమ్ వస్తే ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడు.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాణ్యత 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టుకో. నిజానికి టేపు రొద ముందు 16 బిట్లే ఎక్కువ. 24 ఉంటే లెవెల్ తగ్గించి తీసుకోవచ్చు, అందుకే. గొంతు హెచ్చిన చోట కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. సున్నా దాటిందంటే తరంగం తల తెగిపోతుంది, మళ్లీ అతకదు. సి-60 క్యాసెట్ స్టీరియోలో దాదాపు ఒక జీబీ అవుతుంది.

అసలు ప్రతి నాణ్యత తగ్గని వేవ్ ఫైలుగానో ఫ్లాక్ ఫైలుగానో దాచు. దాని మీద రొద తీసేసే నాయిస్ రిడక్షన్ వాడొద్దు. దానికి రొద ఏదో తెలియడానికి ఇచ్చే నమూనాలో శ్రుతిపెట్టె మోత కలిసిందంటే సాఫ్ట్‌వేర్ దాన్నీ రొదే అనుకుని కొరికేస్తుంది. చుట్టాలకి పంపడానికి వేరే ఎంపీ3 చేసుకుని, దాని మీద నీ ఇష్టం.

ముందుగా పోయినా ఫర్వాలేని సినిమా పాటల క్యాసెట్‌తో మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
పెదనాన్న