స్పిట్‌ఫైర్ కొనబోతున్న మేనల్లుడికి

నెల్లూరు

బుజ్జీ,

నువ్వు పంపిన కారు ఫొటోలు రాత్రి మీ అత్తకి చూపించాను. "ఎర్రగా బొమ్మలాగుండాదే" అంది. నాకు అనుమానం వచ్చింది అక్కడే. 1968 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, అదీ టాప్ లేని ఇంగ్లండు స్పోర్ట్స్ కారు, నిన్ననే షోరూం నుంచి దిగినట్టు మెరుస్తుంటే, ఆ రంగు కింద ఎంత లప్పం దాక్కుందో ముందు తేలాలి. ఆదివారం చెన్నై వెళ్లి చూడు, కానీ అడ్వాన్స్ మాత్రం ఇవ్వొద్దు. డబ్బులు జేబులో ఉంటే నీకు చెయ్యి ఆగదు. అసలు తీసుకెళ్లకు.

నా స్టాండర్డ్ హెరాల్డ్ కారు నీకు గుర్తుండే ఉంటుంది, దాని వెనక సీట్లోనే పెరిగావు. ట్రయంఫ్ హెరాల్డే మన దేశంలో ఆ పేరుతో వచ్చింది. ఆ హెరాల్డ్ ఛాసిస్‌నే, అంటే అడుగు చట్రాన్నే, పొట్టి చేసి, 1962లో ఇంగ్లండులో స్పిట్‌ఫైర్‌గా దించారు. రెండు బళ్లకూ రూపం గీసింది ఇటలీ ఆయన మిచెలొట్టి. బానెట్టూ మడ్‌గార్డులూ కలిసి ముందుకు లేచేది రెండింట్లోనూ ఒకటే. కాబట్టి నీ బండిని చూడకపోయినా దాని రోగాలు నాకు తెలుసు.

ముందు తుప్పు. చెన్నై అయినా మన మైపాడు అయినా సముద్రపు గాలికి ఇనుమంటే ఒకటే ఆకలి. చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి తీసుకెళ్లు. తలుపుల కింద పొడుగ్గా ఉండే సిల్స్, చక్రాల పైన అంచులు, డిక్కీ అడుగు, ఇవన్నీ తడుము. ఎక్కడ అతుక్కోకపోతే అక్కడ రేకు లేదు, లప్పమే ఉంది. స్పిట్‌ఫైర్‌కి ఇనుప టాప్ లేదు కదా, బరువు మొయ్యడంలో సిల్స్ పాత్ర ఎక్కువ. అవి చచ్చిపోతే బండి నడుం దగ్గర కుంగుతుంది. తలుపు మూసి చుట్టూ సందు చూడు. పైన ఇరుకు, కింద వెడల్పు అయితే ఎంత చవకిచ్చినా వద్దు. మాట్లాడకుండా టీ తాగేసి వచ్చెయ్.

ఇంజిన్ గురించి నువ్వు పడే టెన్షన్‌లో సగం అనవసరం. బోరింగ్, వాల్వుల పని మన ఆటోనగర్‌లో లేత్ వాళ్లు కళ్లు మూసుకుని చేసేస్తారు. ఒక్క పరీక్ష మాత్రం తప్పనిసరి. ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, ఒకళ్లు క్లచ్ తొక్కుతూ వదుల్తూ ఉంటే నువ్వు ఇంజిన్ ముందు వైపు బెల్టు ఉండే క్రాంక్ పుల్లీ మీద కన్నెయ్యి. వెంట్రుక మందం కదిలితే మామూలే. కంటికి ఆనేంతగా ముందుకూ వెనక్కూ ఆడిందంటే లోపల క్రాంక్ షాఫ్ట్ అటూ ఇటూ జరక్కుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగిపోయాయి, లేదా జారి అడుగునున్న ఆయిల్ సంపులో పడ్డాయి. అలాగే నడిపితే క్రాంక్ షాఫ్ట్ బ్లాకునే తినేస్తుంది. అమ్మేవాడు "స్టార్ట్ చేసి వినండి సార్, గడియారంలా ఉంటుంది" అంటాడు. వినడానికి ముందు ఈ పని చెయ్యి.

ఇక నేను గట్టిగా చెప్పాలనుకున్నది వేరే ఉంది. పాడైన సామాను ఉన్న బండి కొనొచ్చు, సామానే లేని బండి కొనకూడదు. విరిగిన మీటరుని బాగు చేయించుకోవచ్చు. అసలు మీటరే లేకపోతే ఇంగ్లండు నుంచి తెప్పించి, కస్టమ్స్ కట్టి, వచ్చింది వేరే ఏడాదిదని ఏడవాలి. హెరాల్డ్ తలుపు హ్యాండిల్ ఒక్కదాని కోసం నేను రెండేళ్లు పాత సామాన్ల కొట్లు తిరిగాను. కాబట్టి అద్దం ఫ్రేము, గుడ్డ టాప్ ఫ్రేము, బంపర్లు, బ్యాడ్జీలు, లోపలి చిన్న చిన్న గుబ్బల దాకా ఫొటో తీసుకో.

అప్పట్లో దిగుమతికి లైసెన్సు కావాలి, విడిభాగాలు దొరికేవి కావు. బండి నడవాలంటే ఏది దొరికితే అది బిగించేవాళ్లు, వాళ్లనీ తప్పు పట్టలేం. నువ్వు మాత్రం కనిపెట్టాలి. అమ్మేవాడు చెప్పినట్టు అది మార్క్ 3, అంటే స్పిట్‌ఫైర్‌లో మూడో రకం, అయితే ఇంజిన్ 1296 సి.సి. ఉండాలి, పక్కన ఎస్.యు. కంపెనీ కార్బురేటర్లు రెండు ఉండాలి, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులుండాలి, ఛాసిస్ నంబరు ఎఫ్.డి.తో మొదలవ్వాలి. ఒక్కటే కార్బురేటరు, ముందు డ్రమ్ బ్రేకులు కనిపిస్తే అందులో మన 948 సి.సి. హెరాల్డ్ గుండె కొట్టుకుంటోందేమోనని అనుమానించు.

ఆర్.సి.లో ఛాసిస్, ఇంజిన్ నంబర్లు రెండూ నీ కళ్లతో పోల్చుకో. 2021 జూలైలో వచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబరులో వి.ఎ. అని వస్తుంది, ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. దాని మీద రోజూ ఆఫీసుకి తిరగడం కుదరదు. మారుతి ఇంజిన్ వేసేద్దామని నీ స్నేహితుడు ఇచ్చిన సలహా వింటే ఆ నంబరూ రాదు, నా దీవెనా రాదు.

కొన్నాక మొదటి రోజే చెయ్యాల్సిన పని ఒకటుంది. ముందు చక్రాల దగ్గర ట్రనియన్లని ఉంటాయి, స్టీరింగ్ తిప్పితే వాటి మరల్లోనే చక్రం తిరుగుతుంది. వాటికి గ్రీజు కాదు, 90 నంబరు గేర్ ఆయిల్ పట్టించాలి. మన మెకానిక్‌లకు నిపుల్ కనిపిస్తే గ్రీజు గన్ను పెట్టడమే తెలుసు. నాకూ అలాగే కొట్టారు, నేనూ పక్కనే నిలబడి చూశాను. గ్రీజు మరల్లోకి దిగలేదు, నీళ్లు దిగాయి, లోపల తుప్పు పట్టింది. పెన్నా వంతెన దాటి కోవూరు వైపు మలుపు తిప్పుతుంటే ఎడమ చక్రం మడుచుకుని కిందికి పోయింది. మెల్లగా పోతున్నాను కాబట్టి సరిపోయింది. ఆ రోజు మీ అమ్మ కూడా బండిలోనే ఉంది. ఇప్పటికీ పండక్కి వస్తే ఎత్తిపొడుస్తుంది.

షెడ్డు సంగతి. కార్తీక మాసం వానలకు ప్లాస్టిక్ పట్టా కప్పకు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. గాలి ఆడే గుడ్డ కవరు కుట్టించు.

కావలి నుంచి ఎటూ నెల్లూరు మీదుగానే పోవాలి కదా, ఆదివారం పొద్దున్నే నన్నెక్కించుకో. పాత చొక్కా వేసుకుని రా. బండి కింద దూరాల్సింది నువ్వే, నా నడుం ఒప్పుకోదు.

మామయ్య