హార్ట్ ఫెయిల్యూర్ (గుండె రక్తాన్ని సరిపడా పంప్ చేయలేకపోవడం) ఉన్నవాళ్లను రోజూ బరువు చూసుకోమని ఎందుకంటారు?

ఒంట్లో నీరు చేరుతున్న సంగతి చాలాసార్లు ఆయాసం, కాళ్ల వాపు కంటే ముందే బరువులో తెలిసిపోతుంది కాబట్టి. గుండె పంపింగ్ తగ్గితే కిడ్నీలు ఉప్పునీ నీటినీ బయటికి పోనివ్వవు. లీటరు నీరు నిలిస్తే కిలో పెరిగినట్టే. సోమవారం 62 కిలోలున్న మనిషి శుక్రవారానికి 64.5కి వచ్చాడంటే అది కొవ్వు కాదు, నాలుగు రోజుల్లో అంత కొవ్వు పట్టదు. ఆ రోజే ఓపీ డాక్టరుకి చెబితే నీటి మాత్ర (ఒంట్లో ఎక్కువైన నీటిని మూత్రంలో బయటికి పంపేది) డోసు మార్చడంతోనే సరిపోవచ్చు, అడ్మిషన్ తప్పొచ్చు. పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు, ఎప్పుడూ ఒకే మిషన్ మీద చూడాలి. (ఉప్పెక్కువుండే ఆవకాయ మానకపోతే మిషనే చెప్పేస్తుంది.) చాలామంది ఆయాసం తగ్గగానే జబ్బు పోయిందనుకుని మందులు ఆపేస్తారు. తగ్గింది ఆ మందుల వల్లే; ఆపితే నీరు మళ్లీ చేరుతుంది.