బీహెచ్‌కే సెల్స్ మీద నీలి నాలుక వైరస్: హ్యాంక్సా, ఎర్ల్సా, పీబీఎస్సా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: గొర్రెలకు నీలి నాలుక (బ్లూటంగ్) జబ్బు తెచ్చే వైరస్‌ను వాటి రక్తం నుంచి తీసి, బీహెచ్‌కే-21 సెల్స్ (ల్యాబ్‌లో పెంచే హ్యామ్‌స్టర్ కిడ్నీ కణాలు) మీద పెంచుతున్నారు. సెల్స్‌ను కడిగే ఉప్పు ద్రావణం పేరు ప్రోటోకాల్‌లో ఒకచోట హ్యాంక్స్, ఒకచోట ఎర్ల్స్, ఇంకోచోట పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పు ద్రావణం) అని రాసుంది. అసలు ఎన్ని రకాలు కొనాలి, మూడూ ఉప్పునీళ్లే కదా, ఫ్రిజ్‌లో ఏది ఉంటే అది వాడితే పోదా అని. పోదండీ. పశువైద్య వైరాలజీ ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి, ఎక్కడ తేడా కొడుతుందో నాకు తెలిసినంతలో చెప్తాను.

హ్యాంక్స్‌కీ ఎర్ల్స్‌కీ అసలు తేడా సోడియం బైకార్బొనేట్‌లో ఉంది. హ్యాంక్స్‌లో లీటరుకు 0.35 గ్రాములు, ఎర్ల్స్‌లో 2.2 గ్రాములు. అంటే ఎర్ల్స్‌ను 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండే ఇంక్యుబేటర్ కోసం తయారుచేశారు. అక్కడ దాని పీహెచ్ 7.4 దగ్గర నిలబడుతుంది. హ్యాంక్స్ మామూలు గాలికి, బిగించి మూతపెట్టిన సీసాలకు. తారుమారైతే ఏమవుతుందో చెప్పడానికి మీటర్ కూడా అక్కర్లేదు. ఎర్ల్స్ పోసిన ప్లేటును హుడ్‌లో (శుభ్రమైన గాలి వీచే పని పెట్టెలో) మూత తీసి కాసేపు ఉంచండి, అందులోని ఫినాల్ రెడ్ (పీహెచ్‌ను బట్టి రంగు మారే సూచిక) ఎర్రటి రంగు నుంచి గులాబీకి, అక్కడి నుంచి ఊదాకు తిరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోయి పీహెచ్ 8 వైపు ఎక్కుతోందన్నమాట. హ్యాంక్స్‌ను కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్‌లో వదిలేస్తే ఇందుకు పూర్తి వ్యతిరేకం: పసుపు పచ్చగా మారి 6.6 దాకా దిగుతుంది.

ఈ వైరస్ విషయంలో ఇది చిన్న సంగతి కాదు. పీహెచ్ 6 కంటే తగ్గినా, 8 దాటినా నీలి నాలుక వైరస్ బలం కోల్పోతుంది. ప్లేట్లు ఎక్కువై, హుడ్‌లో అరగంట ఎర్ల్స్‌తో కడుగుతూ కూర్చుంటే, ఇనాక్యులమ్ (వైరస్ ఉన్న ద్రవం) పోసేలోపే వైరస్‌కు గిట్టని చోటు తయారుచేసి పెట్టినట్టే. మూత తీసి చేసే పనికి నేనైతే హ్యాంక్స్ తప్ప ఇంకోటి ముట్టను. పని సాగేలా ఉంటే అందులో 25 మిల్లీమోలార్ హెపీస్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే బఫర్) కలుపుతాను.

ఇక కాల్షియం, మెగ్నీషియం. నన్నడిగితే ఈ రెండిటి దగ్గరే ఎక్కువ పని చెడుతుంది. సెల్స్ ఒకదాన్నొకటి పట్టుకోవడానికీ, ఫ్లాస్క్ అడుగును పట్టుకోవడానికీ అవి కావాలి. ఈ పాఠం కొత్తదేం కాదు. 1880లలో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండె మీద పనిచేసినప్పుడు, కుళాయి నీళ్లతో కలిపిన ఉప్పు ద్రావణంలో గుండె కొట్టుకుంది, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన దాంట్లో కాసేపటికే ఆగింది. తేడా కుళాయి నీళ్లలోని కాల్షియం.

అందుకని ట్రిప్సిన్ (సెల్స్‌ను అడుగు నుంచి విడదీసే ఎంజైమ్) వేసే ముందు కాల్షియం, మెగ్నీషియం లేని పీబీఎస్‌తోనే కడగాలి. పట్టు సడలడం ఒక కారణం. మిగిలిపోయిన సీరం పోవడం ఇంకో కారణం, ఎందుకంటే సీరంలో ట్రిప్సిన్‌ను ఆపే ప్రొటీన్లు ఉంటాయి. అదే పీబీఎస్‌తో వైరస్ పోసే ముందు మోనోలేయర్‌ను (ఫ్లాస్క్ అడుగున ఒకే పొరగా పరుచుకున్న సెల్స్‌ను) కడిగి, ఫోన్ వచ్చిందని పక్కకెళ్తే? బీహెచ్‌కే అసలే గట్టిగా అంటుకునే సెల్ కాదు. అంచుల దగ్గర ముడుచుకుని, గుండ్రంగా మెరుస్తూ, ఆ తర్వాత పొరలు పొరలుగా లేస్తుంది.

మైక్రోస్కోప్‌లో అది అచ్చం వైరస్ దెబ్బలా కనిపిస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు దీన్ని చూసి వైరస్ దొరికిందని సంబరపడటం చూశాను, వాళ్లను తప్పుపట్టలేం. తేడా కాలంలో ఉంది. ఉప్పు ద్రావణం వల్లయితే గంటలోపే, షీట్ అంతటా ఒకేలా కనిపిస్తుంది. మీడియా (సెల్స్‌కు తిండి అయిన పోషక ద్రవం) పోశాక తెల్లారేసరికి చాలామటుకు మళ్లీ పరుచుకుంటుంది. వైరస్ వల్లయితే ఒకటి రెండు రోజులు ఆగి అక్కడక్కడా మచ్చల్లా మొదలై, రోజురోజుకీ పాకుతుంది. అందుకే ప్రతి బ్యాచ్‌లోనూ వైరస్ లేకుండా, అదే సీసాలోని ద్రావణంతో, అంతే సేపు కడిగిన ఒక కంట్రోల్ ఫ్లాస్క్ తప్పకుండా ఉండాలి. ఈ ఒక్కదానిమీద నేను అస్సలు రాజీపడను.

గొర్రె రక్తం విషయానికొస్తే, అక్కడ పీబీఎస్ పని వేరు. ఈ వైరస్ ఎర్ర రక్తకణాల పొర మడతల్లో దాక్కుంటుంది, అక్కడికి యాంటీబాడీలు చేరలేవు. అందుకే జ్వరం తగ్గి, యాంటీబాడీలు వచ్చేసిన గొర్రె రక్తంలో కూడా వైరస్ దొరుకుతుంది. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా కలిపే పదార్థం) ఉన్న రక్తాన్ని సెంట్రిఫ్యూజ్ చేసి ప్లాస్మా తీసేసి, కణాలను పీబీఎస్‌తో పైనున్న ద్రవం తేటపడేదాకా కడగండి. ప్లాస్మాతో పాటు యాంటీబాడీలు పోతాయి. తర్వాతే డిస్టిల్డ్ వాటర్‌తోనో సోనికేషన్‌తోనో కణాలను పగలగొట్టాలి. కడగకుండా పగలగొడితే, బయటపడ్డ వైరస్‌ను ఆ యాంటీబాడీలే పట్టేస్తాయి. అన్నట్టు, శాంపిల్‌ను మైనస్ 20లో పెట్టకండి. ఈ వైరస్‌కు అది పడదు. 4 డిగ్రీలు గానీ, మైనస్ 70 గానీ.

ఎన్ని రకాలు కొనాలని అడిగారు కదా. కాల్షియం, మెగ్నీషియం లేని పీబీఎస్ ఒకటి, రెండూ ఉన్న హ్యాంక్స్ ఒకటి చాలు. ఎర్ల్స్ విడిగా అక్కర్లేదు. మీరు వాడే ఎంఈఎమ్ (సెల్స్‌కు పోసే ఒక రకం మీడియా) లేబుల్ మీద ‘ఎర్ల్స్ సాల్ట్స్’ అని ఉంటే అది అందులోనే ఉంది. హ్యాంక్స్ సాల్ట్స్‌తో చేసిన ఎంఈఎమ్ కూడా అమ్ముతారు, దాన్ని పొరపాటున కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్‌లో పెట్టొద్దు. ఇవేవీ సెల్స్‌కు తిండి కాదని కూడా గుర్తుంచుకోండి. హ్యాంక్స్‌లో గ్లూకోజ్ ఉన్నా అమైనో ఆమ్లాలు లేవు, విటమిన్లు లేవు. వైరస్ అంటుకోవడానికి ఇచ్చే గంట అయిపోగానే మీడియా పోసేయాలి.

సొంతంగా కలుపుకుంటామంటే కలుపుకోవచ్చు, ఖర్చు బాగా తగ్గుతుంది. కాల్షియం క్లోరైడ్‌ను మాత్రం వేరే గ్లాసులో కరిగించి, మిగతావన్నీ పూర్తిగా కరిగాక, కలుపుతూ చివర్లో కొద్దికొద్దిగా పోయండి. లేదంటే ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లగా అడుగున పేరుకుంటుంది. బైకార్బొనేట్, గ్లూకోజ్ ఉన్న ద్రావణాన్ని ఆటోక్లేవ్ చేయకుండా 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టండి. సీసా మీద ‘పీబీఎస్’ అని మాత్రమే రాసి వదిలేయకండి. కాల్షియం, మెగ్నీషియం ఉన్నాయా లేవా అన్నది పెద్దక్షరాల్లో రాయండి, ఎందుకంటే రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.