చలిలో కసరత్తు మంచిదే... ప్లాస్టిక్ సూటుతో కాదు!

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. కుస్తీ పోటీలకు సిద్ధమవుతున్నాను. చలికాలంలో తెల్లవారుజామునే ఆరుబయట పరుగు, ఎత్తు మీదికి స్ప్రింట్లు, తోటి మల్లయోధుణ్ని భుజాన మోస్తూ నడవటం వంటివి చేస్తున్నాను. బరువు తగ్గటానికి లోపల ప్లాస్టిక్ సూటు వేసుకుంటున్నాను. ఏమీ తినకుండానే వెళ్తాను. కసరత్తు ఆపిన కాసేపటికి దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. ఛాతీ పట్టేసినట్టుగా ఉంటోంది. వేళ్లు తెల్లగా పాలిపోయి మొద్దుబారుతున్నాయి. చలిలో కసరత్తు మానేయాలా?

సమాధానం: మానేయనవసరం లేదు. ముందు ఆ ప్లాస్టిక్ సూటు మానేయండి. దానితో తగ్గేది ఒంట్లోని నీరే, కొవ్వు కాదు. 1997 చివర్లో అమెరికాలో కొద్ది వారాల తేడాతో ముగ్గురు కళాశాల మల్లయోధులు ఇలా బరువు తగ్గించుకునే ప్రయత్నంలోనే ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత అక్కడి కళాశాల క్రీడల్లో ఇలాంటి సూట్లను నిషేధించారు. చలిలో మరో ముప్పు కూడా ఉంది. సూటు లోపల చెమట ఆరదు. పరుగు ఆపగానే ఒంట్లో పుట్టే వేడి తగ్గిపోతుంది, తడి బట్టలేమో ఉన్న వేడిని లాగేస్తాయి. గాలి కన్నా నీరు వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాక్కుంటుంది. మల్లయోధుల్లో కొవ్వు తక్కువ కాబట్టి త్వరగా చల్లబడతారు. పైగా ఖాళీ కడుపు! వణికి వేడి పుట్టించుకోవటానికీ ఇంధనం కావాలి కదా. చలిలో దాహం అంతగా తెలియదు, మూత్రం మాత్రం ఎక్కువగా వస్తుంది. కాబట్టి దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి.

మీ దగ్గు గురించి నాకు ఎక్కువ ఆలోచనగా ఉంది. గట్టిగా రొప్పుతున్నప్పుడు చల్లటి, పొడి గాలి నోటి ద్వారా నేరుగా లోపలికి వెళ్తుంది. శ్వాసమార్గాల లోపొర తడి ఆరిపోయి, చుట్టూ ఉండే కండరాలు బిగుసుకుంటాయి. కసరత్తు ఆపిన కొద్ది నిమిషాల్లో దగ్గు, పిల్లికూతలు, ఛాతీ బిగుతు మొదలై, సాధారణంగా గంటలోపు సద్దుమణుగుతాయి. మీ లక్షణాలు దీనికి సరిపోతున్నాయి గానీ రూఢి చేసుకోవాలి. ఛాతీ డాక్టరును కలిసి, కసరత్తుకు ముందూ తర్వాతా స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష) చేయించుకోండి. అవసరమైతే పీల్చే మందు ఇస్తారు. పోటీల్లో పాల్గొంటారని ముందే చెప్పండి. డోపింగ్ నిబంధనల ప్రకారం, ఇలా పీల్చే మందుల్లో ఒకటైన సాల్బుటమాల్‌ను పీల్చుకోవటానికి 24 గంటల్లో 1600 మైక్రోగ్రాముల వరకే అనుమతి. అదే మందు మాత్రల రూపంలో నిషిద్ధం. స్నేహితుల ఇన్‌హేలర్ వాడొద్దు.

ఈలోగా ఆరుబయటికి వెళ్లే ముందు గదిలోనే 15-20 నిమిషాలు వార్మప్ చేయండి. మధ్యమధ్యలో కొద్ది సెకన్ల పాటు వేగం పెంచి తగ్గించండి. దీంతో తర్వాత వచ్చే ఛాతీ బిగుతు చాలామందిలో తగ్గుతుంది. ముక్కు, నోటి మీద పలుచటి వస్త్రం కప్పుకోండి. తల నేలకు ఆనించి ఒంటిని విల్లులా వంచే బ్రిడ్జి వంటి, మెడ మీద భారం పడే కసరత్తులు బయట వద్దు, ఒళ్లు బాగా వేడెక్కాక లోపలే చేయండి.

ఒంటికి ఆనుకునే బనియను నూలుది కాకుండా ఉన్నిదో, పాలియెస్టర్‌దో అయితే చెమట నిలవదు. దాని మీద గాలిని ఆపే పలుచటి జాకెట్ చాలు. బయల్దేరేటప్పుడు కాస్త చలిగా అనిపించాలి. ఆపగానే పొడి బట్టలు మార్చుకోండి. టోపీ చెవులు పూర్తిగా కప్పాలి.

వేళ్లకు చేతితొడుగులు తప్పనిసరి. పాలిపోయిన వేళ్లను రుద్దొద్దు, మంట దగ్గర పెట్టొద్దు. స్పర్శ లేనప్పుడు కాలినా తెలియదు. గోరువెచ్చటి నీటిలో ఉంచండి. అరగంటకూ స్పర్శ రాకపోయినా, తరచూ తెల్లబడి, నీలమై, తర్వాత ఎర్రబడుతున్నా డాక్టరుకు చూపించండి.

కసరత్తు మధ్యలో ఛాతీనొప్పి, కళ్లు తిరగటం, మాట తడబడటం, ఆగని వణుకు, అయోమయం... వీటిలో ఏది కనిపించినా అక్కడితో ఆపి వెచ్చటి చోటికి చేరండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఒంటరిగా ఉంటే సాయం అడిగేవారు ఉండరు కాబట్టి చలిలో ఎప్పుడూ జతగానే సాధన చేయండి.