ముందు గొట్టం సంగతి చూడు, పొయ్యి సంగతి తర్వాత

ఒరేయ్ అల్లుడూ,

ఫోటోలు చూశాను. ఇల్లు వెచ్చబెట్టడానికి కొన్న పెల్లెట్ స్టవ్ బాగుంది, డబ్బు బాగానే పోసినట్టున్నావు. కానీ దాని పక్కన గోడకి ఆనించి పెట్టిన ఆ పొగగొట్టం చూసి గుండె జారింది, అందుకే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా కూర్చుని ఇంత రాస్తున్నాను. అది బి-వెంట్ రా. గ్యాస్ హీటర్లకి వాడేది, లోపలి పొర అల్యూమినియం. పెల్లెట్ పొగకి పనికిరాదు. రసీదు ఉంటే రేపే తీసుకెళ్లి వాపసు ఇచ్చెయ్.

తెనాలిలో ఉన్నప్పుడు మా అమ్మ, అదే మీ అమ్మమ్మ, టింబర్ డిపో నుంచి గోనెసంచిలో రంపపు పొట్టు తెప్పించేది. పొయ్యి మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, సీసాని మెల్లగా పైకి లాగేసేది. ఆ సొరంగంలోంచే గాలీ, మంటా. పెల్లెట్ అంటే అదే రంపపు పొట్టు, మిషన్లో నొక్కి గుళికలు చేశారంతే. కాకపోతే అమ్మ పొయ్యిలో పొగ దానంతట అది పైకి పోయేది. నీ స్టవ్‌లో పొగని ఫ్యాన్ తోస్తుంది. ఈ ఒక్క తేడా బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా నీకే అర్థమవుతుంది. తోస్తోంది కాబట్టి గొట్టంలో ఎక్కడ సందు ఉన్నా పొగ ఇంట్లోకే వస్తుంది. ఫ్యాన్ ఆగిందంటే పొగకి దారి చూపించేవాడే లేడు.

ఇది నాకు పుస్తకం చదివి తెలిసింది కాదు. 2008 వేసవిలో హీటింగ్ ఆయిల్ గ్యాలన్ 4 డాలర్లు దాటింది, న్యూ హాంప్‌షైర్‌లో మా ఊరు నాషువాలో మనవాళ్లం నలుగురు కలిసినా అదే మాట. నేనూ పెల్లెట్ స్టవ్ కొన్నాను. బిగించినవాడు వెనక నుంచి గోడలోకి తిన్నగా గొట్టం దూర్చి, బయట టోపీ పెట్టి, గంటన్నరలో డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. నేనూ సంబరపడ్డాను. డిసెంబర్లో ఆ ఐస్ స్టార్మ్, అదే మంచుగడ్డల తుఫాను, వచ్చింది, న్యూ హాంప్‌షైర్‌లో సగం ఊళ్లకి కరెంటు లేదు, కొన్నిచోట్ల రెండు వారాల పాటు రాలేదు. రాత్రి కరెంటు పోగానే ఫ్యాన్ ఆగింది, స్టవ్ లోపల మంట మండే కుండలో గుళికలు మాత్రం కుములుతూనే ఉన్నాయి. పొగ హాపర్ (గుళికలు పోసే డబ్బా) మూతలోంచి, వెనక గాలి కన్నంలోంచి, అన్ని వైపుల నుంచీ గదిలోకి వచ్చేసింది. కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీది కాబట్టి అరిచింది, లేకపోతే నిద్రలోనే ఉండేవాళ్లం. ఆ చలిలో కిటికీలన్నీ తెరుచుకుని దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. మీ అత్తయ్య ఆ సంగతి ఇప్పటికీ ఎవరొచ్చినా చెబుతుంది, నేనే పొగబెట్టినట్టు.

కాబట్టి నీ గొట్టం కనీసం ఐదడుగులు నిటారుగా లేవాలి. అలా లేస్తే ఫ్యాన్ ఆగినా వేడి పొగ తన బలంతో కొంత పైకి పోతుంది. నాకు సోఫా అడ్డం వచ్చి ఆ నిలువు ముక్కని బయట పెట్టించుకున్నాను. నీకు చోటుంది, లోపలే పెట్టు. స్టవ్ వెనక టీ, అంటే T ఆకారపు పైపు ముక్క, దాని మీద ఐదడుగుల పైపు, పైన ఎల్బో, అంటే వంపు ముక్క, అక్కడి నుంచి గోడలోకి. లోపలుంటే గొట్టం వెచ్చగా ఉండి బాగా లాగుతుంది, పైగా జనవరిలో బూడిద తీయడానికి మోకాళ్ల లోతు మంచులో నిలబడక్కర్లేదు.

ఇక కొనాల్సింది. పైపు మీద పెల్లెట్ వెంట్ అనో, ఎల్ లేదా పీఎల్ టైప్ అనో ఉంటుంది, యూఎల్ 641 అన్న భద్రతా పరీక్ష ముద్ర చూసుకో. రెండు పొరలు, లోపల స్టెయిన్‌లెస్ స్టీల్, మధ్యలో గాలి. మండే వస్తువులకి ఎంత ఎడం ఉండాలో కూడా దాని మీదే రాసి ఉంటుంది, కొన్నింటికి 1 అంగుళం చాలు, కొన్నింటికి 3. అన్ని ముక్కలూ ఒకే కంపెనీవి కొను. చవగ్గా వచ్చిందని ఎల్బో ఒక చోటా పైపు ఇంకో చోటా కొన్నావంటే ఒకదానిలో ఒకటి దూరవు.

పైపు వెడల్పు 3 అంగుళాలదా, 4 అంగుళాలదా అని అడిగావు కదా. చాలా మాన్యువల్స్‌లో మార్కులేసినట్టు ఉండే లెక్క ఇది: అడ్డంగా పోయే ప్రతి అడుగుకీ 1, నిలువుగా పోయే ప్రతి అడుగుకీ అర, 45 డిగ్రీల మలుపుకి 3, 90 డిగ్రీల ఎల్బోకి గానీ టీకి గానీ 5. మొత్తం 15 దాటితే 4 అంగుళాల పైపు వెయ్యాలి. నీదాంట్లో టీ 5, నిలువు ఐదడుగులకి 2.5, ఎల్బో 5, అడ్డం రెండడుగులకి 2. మొత్తం 14.5. రూలు ప్రకారం 3 సరిపోతుంది, కానీ నేనైతే 4 వేస్తాను. అంచు మీద ఉంది లెక్క, పైగా బూడిద పేరుకునే కొద్దీ గొట్టం సన్నబడుతుంది. నీ మాన్యువల్‌లో వేరేగా ఉంటే మాత్రం నా మాట పక్కన పెట్టి అదే చెయ్.

ఇంకో మాట, ఫోటోలో కిటికీ పక్కనే పెట్టావు, అది కుదరదు. తెరుచుకునే కిటికీకి, తలుపుకి పక్కకైనా కిందకైనా 4 అడుగుల దూరంలో పొగ బయటికి రావాలి, లేదంటే కనీసం అడుగు పైన. స్టవ్‌ని పక్క గోడకి జరుపు. మంచు ఎంత ఎత్తు పేరుకుంటుందో చూసుకుని దానికి బాగా పైన టోపీ ఉండేట్టు చూడు.

గోడలో వాల్ థింబుల్, అంటే పైపు గోడకి తగలకుండా కాపాడే తొడుగు, లేకుండా పైపు దూర్చొద్దు, చుట్టూ ఇన్సులేషన్ కుక్కొద్దు. కన్నం కొట్టే ముందు గోడ లోపలి నిలువు చెక్క, అదే స్టడ్, ఎక్కడుందో, వైరు ఎక్కడుందో వెతుకు. అతుకుల దగ్గర ఎక్కువ వేడి తట్టుకునే సిలికోన్ పూయాలి, ముఖ్యంగా స్టవ్‌కి తగిలించే మొదటి అతుకు దగ్గర, అక్కడే ఎక్కువమందికి కారేది. కంపెనీ చెప్పిన చోట తప్ప స్క్రూలు కొట్టకు, లోపలి పొరకి కన్నం పడితే ఇంత శ్రమా వృథా. సిలికోన్ ఒక రోజు ఆరనిచ్చి వెలిగించు. మొదటిసారి పెయింటు కంపు కొడుతుంది, టెన్షన్ పడకు, కిటికీ తీసి ఉంచు.

బయటి గాలి పైపు కూడా వేయించుకో. కొత్త ఇల్లు, సందుల్లేకుండా కట్టారు, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే స్టవ్‌కి గాలి చాలదు. దానికి లోహపు పైపే వాడు, డ్రయ్యర్ వెనక ఉండే ప్లాస్టిక్ చుట్ట కాదు.

టన్ను పెల్లెట్లు, అంటే 40 పౌన్ల సంచులు 50 అయినప్పుడల్లా నేను టీ మూత తీసి బ్రష్ పెడతాను. ఈలోపు మంట బద్ధకంగా, నారింజ రంగులో ఊగుతూ, అద్దం త్వరగా నల్లబడుతుంటే గాలి ఆడట్లేదని అర్థం, ఆ వారమే తియ్యి.

టౌన్ ఆఫీసులో పర్మిట్ తీసుకోకుండా పని మొదలుపెట్టకు, రేపు ఏమైనా అయితే ఇన్సూరెన్స్ వాడు మొదట అడిగేది అదే కాగితం. అలారంలు కొన్నావా? పడకగదుల దగ్గర ఒకటి, కింద ఒకటి.

బయట గోడకి వినైల్ సైడింగేనా, అదే ప్లాస్టిక్ పలకలు? అయితే థింబుల్ చుట్టూ కొంచెం కోయాలి, నా దగ్గర స్నిప్స్, అంటే అలాంటివి కోసే కత్తెర, ఉన్నాయి. శనివారం పొద్దున్నే వస్తాను, నువ్వు ఈలోపు పైపు మార్చి తెచ్చి ఉంచు. అత్తయ్య గోంగూర పచ్చడి పంపిస్తానంటోంది, ఖాళీ సీసాలు ఇవ్వమని చెప్పమంది.

మీ మావయ్య