సైటు ఖర్చూ ఇంటి ఖర్చూ ఒకే పుస్తకంలో

ప్రశ్న (క్లుప్తంగా): నా వయసు 46. గుంటూరులో నాన్నగారి సిమెంటు కొట్టుతో మొదలుపెట్టి, పదకొండేళ్లలో మూడు అపార్ట్‌మెంట్లు కట్టి అప్పగించాను. ఇప్పుడు స్థల యజమానితో 40:60 వాటా మీద 20 ఫ్లాట్ల నాలుగో ప్రాజెక్టు నడుస్తోంది. నా వాటాకు వచ్చిన 12లో ఏడు అమ్ముడయ్యాయి. మిగిలిన ఐదింటిలో రెండు కార్పొరేషన్‌కు మార్ట్‌గేజ్‌లో (ప్లాను ప్రకారమే కడతామన్న హామీగా తాకట్టులో) ఉన్నాయి. బ్యాంకు రుణం 1.2 కోట్లు. అమ్మ, భార్య, ఇంటర్ చదివే పాప, ఎనిమిదో తరగతి బాబు నా మీద ఆధారపడ్డారు. మంగళగిరి దగ్గర మంచి స్థలం డెవలప్‌మెంటుకు (యజమానితో వాటా మీద కట్టడానికి) వచ్చింది. అడ్వాన్సు కోసం భార్య పేరిట ఉన్న ఇల్లు పెట్టి, నూటికి రెండు రూపాయల వడ్డీకి 40 లక్షలు తెద్దామనుకుంటున్నాను. ఇప్పటి ఫ్లాట్లు కొన్నవాళ్లు కట్టే వాయిదాలతో ఆ వడ్డీ కట్టుకోవచ్చు. పిల్లల కోసమే ఈ తాపత్రయం. నెలాఖరులోగా స్థలం యజమానికి మాట చెప్పాలి.

జవాబు: మీరు ఉత్తరంతోపాటు పంపిన ఖాతా పుస్తకం పేజీని ముందుగా చూశాను. ఒక వరుసలో ‘సెంట్రింగ్ మేస్త్రీకి 60,000’, దాని కిందే ‘పాప ట్యూషన్ 12,500’, ఆ తర్వాత ‘అమ్మ బీపీ మందులు 2,340’, మళ్లీ ‘కంకర రెండు లోడ్లు’ అని ఉంది. ఎన్నో ఉత్తరాల్లో మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి ఆ పేజీయే కారణం. నా దగ్గరకు వచ్చే చిన్న బిల్డర్లలో చాలామంది లెక్క ఇలాగే ఉంటుంది. సైటులో డబ్బు ఆడినన్నాళ్లూ ఇల్లు గడుస్తుంది, సైటు ఆగిన నెలలో మందులకు కూడా చేబదులు వెతుక్కోవలసి వస్తుంది. మూడు ప్రాజెక్టులను మాట పోకుండా అప్పగించడం చిన్న విషయమేమీ కాదు. అయినా నెలకు 90 వేల ఖర్చున్న మీ ఇంటికి విడిగా ఉన్న నిల్వ 1,80,000 రూపాయలు. అంటే మీ కుటుంబం చేతిలో ఉన్నది రెండు నెలల కాలం.

‘మిగిలిన ఫ్లాట్లే నా పొదుపు’ అని రాశారు. మార్ట్‌గేజ్‌లో ఉన్న రెండింటిని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం నివాసానికి తగినదని కార్పొరేషన్ ఇచ్చే పత్రం) చేతికి వచ్చేదాకా అమ్మలేరు కాబట్టి అవి లెక్కలోకి రావు. తక్కిన మూడూ అమ్ముడుపోని సరుకు మాత్రమే. కొనేవాడు ఎప్పుడు వస్తాడో తెలియని సరుకును ఆపత్కాల నిధి అనుకోవడం కుదరదు. 2019 సంగతి మీకు నేను గుర్తు చేయనక్కర్లేదు. పాత ఇసుక విధానం రద్దయింది, కొత్తది సెప్టెంబరులో మొదలైనా నదుల్లో వరద వల్ల నెలల తరబడి ఇసుక దొరకలేదు, రాజధాని పనులు నిలిచిపోయాయి, తేరుకునేలోపు మరుసటి మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆ రోజుల్లో నా దగ్గరకు వచ్చిన ఒక బిల్డరుకు పూర్తయిన ఫ్లాట్లు నాలుగున్నాయి, కొడుకు కాలేజీ ఫీజుకు లక్షా పదివేలు లేవు. చివరకు ఒక ఫ్లాటును, అవసరం పసిగట్టిన మనిషికే, ఆయన చెప్పిన ధరకు రాసిచ్చారు.

అందుకే ఉద్యోగస్థులకు నేను చెప్పే ఆరు నెలల నిధి మీ వృత్తికి చాలదు. పద్దెనిమిది నెలలు ఉండాలి. ఇంటి ఖర్చు 16.2 లక్షలు, దానికి పిల్లల ఫీజులు, బీమా ప్రీమియాలు కలిపితే సుమారు 21 లక్షలు అవుతుంది. ఈ సొమ్ము మీ భార్యతో కలిపి తెరిచిన ఖాతాలో, ప్రాజెక్టు రుణం ఇచ్చిన బ్యాంకులో కాక వేరే బ్యాంకుల్లో డిపాజిట్లుగా ఉండాలి. ఒక్కో బ్యాంకులో డిపాజిటర్‌కు ఐదు లక్షల వరకే బీమా ఉంటుంది గనుక కనీసం ఐదు చోట్ల పెట్టండి. ఆ డిపాజిట్ల మీద ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, అంటే డిపాజిట్ హామీతో అప్పు) తీసుకుని స్టీలు కొనడం మాత్రం వద్దు. మీలాంటివారు మొదట చేసే పని అదే.

ఇది ఎక్కడి నుంచి వస్తుందంటారా? ధర పెరుగుతుందని ఆపి ఉంచిన మూడింటిలో ఒకటి ఇప్పుడే అమ్మండి. మీరు చెప్పిన 1,200 చదరపు అడుగుల ఫ్లాటును, 5,000 రేటు మీద అడుగుకు 200 తగ్గించి ఇచ్చినా పోయేది 2.4 లక్షలు, మీరు తేబోయే అప్పుకు అది సరిగ్గా మూడు నెలల వడ్డీ. వచ్చే 57.6 లక్షల్లో 70 శాతం రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం ప్రాజెక్టు ప్రత్యేక ఖాతాకు వెళ్తుంది, చేతికి మిగిలేది 17 లక్షల చిల్లర. ముందస్తు పన్నుకు కొంత తీసి, తక్కినది నిధిలో వేయండి. లోటును మీ చీటీతో పూడ్చవచ్చు, దాన్ని తొందరపడి పాడుకోకండి.

ఇక అప్పు సంగతి. నూటికి రెండు రూపాయలంటే నెలకు 80 వేలు, ఏడాదికి 9.6 లక్షలు, పద్దెనిమిది నెలలకు 14.4 లక్షలు. ప్లాను మంజూరై, రెరా నమోదు పూర్తయ్యేదాకా కొత్త స్థలంలో ఒక్క ఫ్లాటు కూడా బుక్ చేయకూడదు కాబట్టి, ఆ స్థలం నుంచి రూపాయి రాకముందే ఈ వడ్డీ కదలడం మొదలవుతుంది. దాన్ని ఇప్పటి ఫ్లాట్ల వాయిదాలతో కడతానన్నారు. ప్రత్యేక ఖాతాలోని సొమ్మును ఆ ప్రాజెక్టు నిర్మాణానికీ దాని స్థలానికీ తప్ప మరో స్థలం వడ్డీకి మళ్లించడం చట్టవిరుద్ధమని మీకు తెలియదంటే నేను నమ్మలేను. పైగా అప్పిచ్చే పెద్దమనిషి తాకట్టు దస్తావేజు బదులు ఇంటికి విక్రయ ఒప్పందమే రాయించుకుంటానన్నారట, సంతకాలు చేసిన ఖాళీ చెక్కులు కూడా అడిగారట. అది అప్పు పత్రం కాదు, ఇల్లు అమ్ముతామని రాసిచ్చిన పత్రం. మీ భార్య చేత అలాంటి కాగితం మీద సంతకం పెట్టించే హక్కు, ఎంత కుటుంబం కోసమైనా, మీకు లేదు. 40 లక్షలు నగదుగా ఇస్తారన్న మాట వేరే ప్రమాదం. 20 వేలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకుంటే ఆ మొత్తానికి సమానంగా జరిమానా పడవచ్చు.

బ్యాంకు రుణానికి మీరు వ్యక్తిగత హామీ ఇచ్చారు. మీకేమైనా అయితే ఆ 1.2 కోట్ల బాకీ మీరు వదిలివెళ్లే ఆస్తి మీద పడుతుంది, మీకున్న ఎండోమెంట్ పాలసీ (పొదుపుతో కలిసిన జీవిత బీమా) 25 లక్షలు ఏ మూలకూ రావు. రెండు కోట్ల టర్మ్ పాలసీని (గడువులోపు మరణిస్తేనే సొమ్ము ఇచ్చే బీమాను) 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద, భార్యాపిల్లల పేరిట తీసుకోండి. అలా తీసుకున్న సొమ్ము అప్పులవాళ్లకు దక్కదు. అయితే అప్పులు ఎగ్గొట్టే ఉద్దేశంతో తీసుకున్నారని తేలితే ఆ రక్షణ ఉండదు కనుక, కొత్త అప్పులేవీ చేయకముందే, దరఖాస్తు చేసేటప్పుడే ఆ ఐచ్ఛికాన్ని ఎంచుకోవాలి. పాప పై చదువుకు ఇంకో రెండేళ్లే ఉంది గనుక మ్యూచువల్ ఫండ్ల జోలికి పోకుండా రికరింగ్ డిపాజిట్ కట్టండి.

మంగళగిరి స్థలం యజమానికి ఇప్పుడు కుదరదని చెప్పండి. నాలుగో ప్రాజెక్టుకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చి మార్ట్‌గేజ్ విడుదలైతే, ఆ రెండు ఫ్లాట్లే మీకు అడ్వాన్సుకు సరిపోతాయి. ఈలోగా కొత్త పుస్తకం ఒకటి కొని, ట్యూషన్ ఫీజూ అమ్మగారి మందులూ అందులోకి మార్చి, ఆ పుస్తకాన్ని మీ భార్య చేతికి ఇవ్వండి.