నెట్ లేని పల్లెలో 108కి మన చోటు ఎలా చెప్పాలి?

జీపీఎస్‌కి డేటా అక్కర్లేదు, సిగ్నల్ ఉపగ్రహాల నుంచి వస్తుంది. కాబట్టి మాట్లాడేంత సిగ్నల్ ఉంటే చాలు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆరుబయటికొచ్చి గూగుల్ మ్యాప్స్ తెరవండి. మ్యాప్ ఖాళీగా కనబడ్డా కంగారొద్దు. చుక్క బూడిద రంగులో ఉంటే అది పాత చోటు. నీలంగా మారేదాకా ఆగండి, నెట్ లేనప్పుడు ఒకట్రెండు నిమిషాలు పడుతుంది. చుక్క మీద వేలు నొక్కి పట్టుకుంటే పైన (కొన్ని ఫోన్లలో కింద) రెండు సంఖ్యలొస్తాయి, అవే అక్షాంశం, రేఖాంశం. గుంటూరులోనైతే 16.3067, 80.4365 లాగా. దశాంశం తర్వాత నాలుగంకెల దాకా చదవండి: నాలుగో అంకెలో ఒకటి మారితే సుమారు 11 మీటర్ల తేడానే. రెండంకెలతో ఆపేస్తే తేడా కిలోమీటరు దాటొచ్చు, అంబులెన్స్ పక్క ఊరి చెరువుగట్టు మీద తేలుతుంది. మండలం పేరు, ‘రామాలయం పక్క సందు’ లాంటి గుర్తు కూడా చెప్పండి. బండి నడిపే పైలట్‌కి చివరి వంద గజాల్లో పనికొచ్చేది అదే.